చేతికి వీటా, ఆటకి త్రీడీఎస్

చేతిలో పట్టుకుని ఆడే సోనీ గేమ్ యంత్రం (హ్యాండ్‌హెల్డ్) ప్లేస్టేషన్ వీటాకి వస్తువుగా వంక పెట్టడం కష్టం. అయిదంగుళాల ఓఎల్ఈడీ తెర, బొటనవేళ్లతో తిప్పే రెండు అనలాగ్ స్టిక్కులు, ముందూ వెనకా టచ్. 2011 డిసెంబర్‌లో జపాన్‌లో విడుదలైందంటే ఇప్పుడు చేతిలోకి తీసుకున్నవాళ్లు ఓ పట్టాన నమ్మరు. దాని పక్కన అదే ఏడాది ఫిబ్రవరిలో వచ్చిన నింటెండో త్రీడీఎస్ పెట్టి చూడండి. పై తెర మూడున్నర అంగుళాలు, పిక్సెళ్లు విడివిడిగా కనపడతాయి. కళ్లజోడు లేకుండా త్రీడీ అని గొప్పగా చెప్పారు గానీ నేను ఆ త్రీడీని పెంచే తగ్గించే స్లయిడర్ ఎప్పుడో కిందికి దించేసి వదిలేశాను. స్టిక్కు ఒక్కటే, అదీ ఒక జారే బిళ్ల.

అయినా నా దగ్గరున్న ఈ రెండింట్లో మాటిమాటికీ ఛార్జింగ్‌కి పెట్టాల్సి వచ్చేది త్రీడీఎస్‌నే. వీటా తెర మీద ఒక్క గీత లేదు. దాని భాగ్యం అలా ఉంది.

ఏది కొనాలని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి రెండింటినీ కలిపే రాస్తున్నాను. కొలతలు ఏ సైట్‌లోనైనా దొరుకుతాయి. నేను చెప్పదలచుకున్నది ఆటల గురించి, ముఖ్యంగా ఒక కన్సోల్ మీద తప్ప ఇంకెక్కడా దొరకని ఎక్స్‌క్లూజివ్‌ల గురించి. ఈ రెండు కంపెనీల పోటీలో గెలుపోటములు తేలింది అక్కడే.

ముందు వీటా. గ్రావిటీ రష్ ఆడితే ఈ యంత్రం ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. గురుత్వాకర్షణ దిశ మార్చేసి ఆకాశంలోకి 'పడిపోయే' అమ్మాయి కథ అది. కన్సోల్‌ని అటూ ఇటూ వంచుతూ గురి చూసుకోవాలి. టేరవేలో కాగితపు లోకం ఉంటుంది. వెనక టచ్‌ప్యాడ్ మీద వేలు పెడితే ఆ కాగితాన్ని చించుకుని తెరలోకి వేలు వచ్చేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నిజంగానే వెనక్కి తిప్పి చూశాను. పర్సోనా 4 గోల్డెన్ సంగతి వేరే చెప్పక్కర్లేదు, చాలామంది వీటా కొన్నదే దానికోసం.

మిగిలిన పెద్ద పేర్ల దగ్గరే చిక్కు. వీటాతో పాటు వచ్చిన అన్‌చార్టెడ్: గోల్డెన్ అబిస్ చూడముచ్చటగా ఉంటుంది, బాగానే నడుస్తుంది. కానీ ఆడుతున్నంతసేపూ ఒకటే ఆలోచన: దీనికంటే పెద్దది, బాగున్నది, ప్లేస్టేషన్ 3లో టీవీ మీద ఉంది కదా అని. సోనీ హ్యాండ్‌హెల్డ్ ఎక్స్‌క్లూజివ్‌లలో చాలావాటికి ఇదే జబ్బు. పేరుకు ఎక్స్‌క్లూజివే గానీ, అది లేకపోయినా ఏదో కోల్పోయామని అనిపించదు. ఇంట్లో ఉన్న ఆటకి చిన్న సైజు ఇచ్చి ఇంకో యంత్రం కొనమంటే ఎందరు కొంటారు?

త్రీడీఎస్ మొదలవడం మాత్రం ఘోరంగా మొదలైంది. జపాన్‌లో 25,000 యెన్‌లకు పెట్టి, ఆగస్టు కల్లా 15,000కి దించేశారు. ఆరు నెలలు కూడా నిండలేదు. అప్పటి నింటెండో అధ్యక్షుడు సతోరు ఇవాతా తన జీతం సగానికి కోసుకున్నారు. ముందే కొన్నవాళ్లు అలగకుండా ఇరవై పాత ఆటలు ఉచితంగా ఇచ్చారు. మరి ఆ యంత్రం చివరికి 7.5 కోట్లకు పైగా ఎలా అమ్ముడైంది? ధర తగ్గడం ఒక కారణం. రెండోది, ఏడాది చివర్లో వరుసగా దిగిన ఆటలు. నవంబర్‌లో సూపర్ మారియో త్రీడీ ల్యాండ్, డిసెంబర్ మొదట్లో మారియో కార్ట్ 7, జపాన్‌లో డిసెంబర్ 10న మాన్‌స్టర్ హంటర్ 3జీ. వీటా అక్కడ విడుదలైంది సరిగ్గా వారం తర్వాత, 17న.

ఆ మాన్‌స్టర్ హంటరే అసలు దెబ్బ. అంతకుముందు అది వీటాకి ముందు తరం సోనీ హ్యాండ్‌హెల్డ్ పీఎస్‌పీకి ప్రాణం. 2010 డిసెంబర్‌లో వచ్చిన మాన్‌స్టర్ హంటర్ పోర్టబుల్ థర్డ్ ఒక్క జపాన్‌లోనే నలభై లక్షలకు పైగా అమ్ముడైంది. ఆ ఆటని నలుగురు ఒకచోట చేరి, ఎవరి పీఎస్‌పీ వాళ్లు పట్టుకుని, వైర్‌లెస్‌లో కలిసి ఆడతారు. స్నేహితుల్లో ముగ్గురి దగ్గర పీఎస్‌పీ ఉంటే నాలుగోవాడికి ఏది కొనాలన్న ప్రశ్నే రాదు. మామూలు ఎక్స్‌క్లూజివ్ ఒక్కో కొనుగోలుదారుణ్ణి లాగుతుంది. ఇలాంటిది గుంపుని గుంపుగా లాక్కొస్తుంది, వెళ్లిపోతే గుంపుని గుంపుగానే తీసుకుపోతుంది. పోయింది కూడా. ఆట సోనీది కాదు, క్యాప్‌కామ్ అనే వేరే కంపెనీది. 3జీ, ఆ తర్వాత మాన్‌స్టర్ హంటర్ 4 త్రీడీఎస్‌కి వెళ్లాయి. అరువు సొమ్ము బరువు చేటు అని ఊరికే అనలేదు. మారియోకి ఆ భయం లేదు, అతను నింటెండో ఇంటివాడు.

సోనీ చేతులు ముడుచుకుని కూర్చుందని కాదు. ఆ లోటు పూడ్చడానికి సోల్ శాక్రిఫైస్, ఫ్రీడమ్ వార్స్ అనే ఆటలు వచ్చాయి. రెండూ నాకు ఇష్టం. ఫ్రీడమ్ వార్స్‌లో మనకి పదిలక్షల సంవత్సరాల జైలుశిక్ష, సెల్‌లో కాస్త ఎక్కువ నడిచినా శిక్ష పెరుగుతుంది. ఇంత తిక్క ఆలోచన ఇంకే ఆటలోనూ చూడలేదు. కానీ కొత్త పేరు నిలబడటానికి ఏళ్లు పడుతుంది, వీటా దగ్గర అంత టైమ్ లేదు. పాతికేళ్ల కిందటి ముచ్చట కూడా ఇలాంటిదే. 2000లో బండాయ్ వాళ్ల హ్యాండ్‌హెల్డ్ వండర్‌స్వాన్ కలర్ మీద ఫైనల్ ఫాంటసీ వచ్చింది, జనం ఆసక్తి చూపించారు. తర్వాత ఆ ఆట చేసిన స్క్వేర్ మళ్లీ నింటెండోకి ఆటలు చేయడం మొదలుపెట్టింది, వండర్‌స్వాన్ కథ ముగిసింది.

ఇక్కడ వీటా మెమరీ కార్డు గురించి చెప్పాలి. దాన్ని తిట్టనివాళ్లు లేరు. మామూలు ఎస్‌డీ కార్డు పనిచేయదు, సోనీ కార్డే కొనాలి. విడుదలప్పుడు అమెరికాలో వై-ఫై వీటా 250 డాలర్లయితే 32 జీబీ కార్డు 100 డాలర్లు. వీటా మునిగింది ఈ కార్డు వల్లేనని చాలామంది అంటారు. నాకు ఆ మాట పూర్తిగా ఎక్కదు. ఎందుకంటే నింటెండో ఏం చేసిందో చూడండి. మాన్‌స్టర్ హంటర్‌కి రెండో స్టిక్కు కావాలి, త్రీడీఎస్‌కి అది లేదు. దాంతో సర్కిల్ ప్యాడ్ ప్రో అని ఒక ప్లాస్టిక్ తొడుగు అమ్మారు. దానికి విడిగా ఒక బ్యాటరీ వేయాలి, తగిలించాక కన్సోల్ జేబులో పట్టదు. యంత్రంలోనే ఉండాల్సిన భాగాన్ని విడిగా అమ్మడం మెమరీ కార్డు కంటే తక్కువ అన్యాయమేం కాదు. అయినా జనం కొన్నారు, ఆట కావాలి కాబట్టి. తర్వాత స్టిక్కు లోపలే పెట్టి న్యూ త్రీడీఎస్ తెచ్చి, జెనోబ్లేడ్ క్రానికల్స్ త్రీడీ అనే ఆటని ఆ కొత్త మోడల్‌కే పరిమితం చేశారు. అదీ చెల్లింది. కావాల్సిన ఆట ఉంటే చిరాకులన్నీ దిగమింగుతాం. లేకపోతే ఒక కార్డు ధర చాలు, కొనకపోవడానికి వంక దొరుకుతుంది.

పోటీ లేనప్పుడు ఏమవుతుందో ఆ తర్వాత చూశాం. 2015లో సోనీ తాము వీటాకి ఆటలు చేయడం లేదని చెప్పేసింది, 2019లో తయారీ ఆపేసింది. 2017లో వచ్చిన నింటెండో స్విచ్ లోపల ఉన్నది ఎన్‌విడియా 2015లో ప్రకటించిన టెగ్రా ఎక్స్1 చిప్. మధ్యలో బ్యాటరీ మెరుగైంది, ఓఎల్ఈడీ తెర వచ్చింది, కానీ వేగం అంతే. 2025 జూన్‌లో స్విచ్ 2 వచ్చేదాకా అదే లాగించారు. నా దగ్గరా స్విచ్ ఉంది, కొన్ని ఆటలు అందులో ఆయాసపడుతూ నడుస్తాయి. ఎక్కడికి పోతాం? జెల్డా ఆటలు నింటెండో యంత్రాల మీద తప్ప ఇంకెక్కడా లేవు.

వాల్వ్ కంపెనీ హ్యాండ్‌హెల్డ్ స్టీమ్ డెక్ వైపు చూస్తే సీన్ రివర్స్. 2022లో వచ్చింది, దానికంటూ సొంత ఆట దాదాపు లేనట్టే. ఉన్నవన్నీ పీసీ ఆటలే. మరుసటి ఏడాది ఆసుస్ ఆర్‌ఓజీ ఆలై, లెనోవో లీజియన్ గో దిగాయి. ఆటలు అందరివీ ఒకటే కాబట్టి కొట్టుకోవాల్సింది తెర, బరువు, బ్యాటరీ, ధర మీదే. వాల్వ్ రెండేళ్లలోపే ఓఎల్ఈడీ మోడల్ తెచ్చి బ్యాటరీని 40 వాట్-అవర్ల నుంచి 50కి పెంచింది. పైగా కంపెనీ మారినా కొన్న ఆటలు మనతోనే వస్తాయి. కొనేవాడికి ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది.

నాకు మాత్రం ఒక లోటు కనపడుతుంది. స్టీమ్ డెక్ వెనక నాలుగు బటన్లు, ముందు రెండు టచ్‌ప్యాడ్లు ఉన్నాయి. వాటికోసమే పుట్టిన పెద్ద ఆట నాకు ఒక్కటీ దొరకలేదు. అన్ని యంత్రాల్లోనూ ఆడాలంటే ఏ ఒక్కదాని ప్రత్యేకతనీ నమ్ముకోకూడదు మరి. టేరవేలో తెరలోకి వేలు దూరడం లాంటి ఆలోచన అక్కడ రాదు. అసలు టేరవేనే ప్లేస్టేషన్ 4కి మార్చినప్పుడు ఆ వేలు లేకుండా పోయింది.

సరే, ఏది కొనాలి? వీటా ఎక్స్‌క్లూజివ్‌లు ఒక్కొక్కటే బయటికి వచ్చేశాయి. గ్రావిటీ రష్ ప్లేస్టేషన్ 4లో ఉంది, పర్సోనా 4 గోల్డెన్ 2020లో పీసీకి, 2023లో స్విచ్‌కి వచ్చింది, ఫ్రీడమ్ వార్స్ కూడా 2025లో మెరుగులు దిద్దుకుని (రీమాస్టర్) వేరే యంత్రాలకి వచ్చింది. స్టీమ్ డెక్ ఉన్నవాళ్లకి వీటా అవసరం పెద్దగా లేదు. టేరవేని పుట్టినచోటే ఆడాలన్న పట్టుదల ఉంటే కొనండి, ఓఎల్ఈడీ తెర ఉన్న పాత మోడలే తీసుకోండి, కార్డు ఉందో లేదో ముందే అడగండి. త్రీడీఎస్‌లో జెల్డా ఆట ఎ లింక్ బిట్వీన్ వరల్డ్స్, కిడ్ ఇకారస్ అప్‌రైజింగ్ ఇంకా అక్కడే ఉండిపోయాయి. 2023 మార్చిలో నింటెండో ఆన్‌లైన్ దుకాణం ఈషాప్‌లో అమ్మకాలు ఆపేశారు కాబట్టి కార్ట్రిడ్జ్‌లే గతి, మంచివాటి ధరలు ఏమంత తక్కువగా ఉండవు. అయినా నా ఓటు దానికే. కొంటే న్యూ త్రీడీఎస్ ఎక్స్ఎల్ కొనండి, రెండో స్టిక్కు లోపలే ఉంటుంది, తొడుగు గొడవ ఉండదు.