రాయగడ రాళ్ల మీద బొమ్మ జీపు: ఒక మోటారు కిట్‌పై సమీక్ష

లెగో సంస్థ టెక్నిక్ వరుస తరహా ప్లాస్టిక్ బొమ్మ ఇటుకలతో కట్టిన వాహనాలకు విడిగా అమర్చుకునే మోటారు కిట్ ఒకటి వేసవి మొదటి నుంచి ఒడిశాలోని రాయగడలో నా దగ్గర పనిచేస్తోంది. దాన్ని తయారుచేసింది ఒక చైనా సంస్థ. లోపాలు కూడా చెప్పవలసి ఉంది కనుక పేరు రాయడం లేదు. పైగా ఇదే అమరికతో వేర్వేరు పేర్ల కింద కిట్లు అమ్ముడవుతున్నాయి కాబట్టి పేరు కంటే లోపల ఏముందో తెలుసుకోవడమే కొనేవారికి ఎక్కువ ఉపయోగం. పెట్టెలో చార్జింగ్ చేసుకునే బ్యాటరీ పెట్టె, అందులోనే ఇమిడిన రిసీవరు, 2.4 గిగాహెర్ట్జ్ రేడియో రిమోట్, ఒక ఎక్స్ఎల్ (పెద్ద) మోటారు, ఒక ఎల్ (దానికంటే చిన్న) మోటారు, స్టీరింగ్ తిప్పడానికి ఒక సర్వో (కొంత కోణం వరకే తిరిగి ఆగే మోటారు), రెండు పొడిగింపు తీగలు, ఒక యూఎస్‌బీ తీగ ఉన్నాయి. మోటార్లకు పెట్టిన డబ్బు దండగ కాలేదు. సర్వో విషయంలో మాత్రం ఆ మాట అనలేను.

ఈ కిట్ ఎందుకు ఇలా ఉందో అర్థం కావాలంటే లెగో సంస్థ మార్చుకుంటూ వచ్చిన పద్ధతులను కొంత తెలుసుకోవాలి. 1977లో మొదలైన టెక్నిక్ వరుసకు 2007లో పవర్ ఫంక్షన్స్ అనే మోటార్ల పద్ధతి వచ్చింది. 2018 నుంచి దాని స్థానంలోకి పవర్డ్ అప్ వచ్చింది. పాత పద్ధతి తీగలో నాలుగు పోగులు ఉంటాయి; అటూ ఇటూ ఉన్నవి బ్యాటరీ విద్యుత్తును మోస్తే, నడుమ ఉన్న రెండూ మోటారు ఎటు తిరగాలో, ఎంత వేగంగా తిరగాలో నిర్ణయిస్తాయి. ప్లగ్గు మీద ప్లగ్గు పేర్చవచ్చు కాబట్టి ఒకే రంధ్రం నుంచి రెండు మోటార్లు నడపడం సులువు. కొత్త పద్ధతిలో ఆరు పోగుల తీగ, ఏ మోటారు తగిలించారో గుర్తుపట్టే హబ్ (మోటార్లను తగిలించి నడిపే బ్యాటరీ పెట్టె), ఫోనులో నడిపే యాప్ వచ్చాయి గాని, ప్లగ్గుల మీద ప్లగ్గులు పేర్చే సౌకర్యం పోయింది. మూల సంస్థ వదిలేసిన ఆ పాత ప్లగ్గును ఇతర తయారీదారులు అందుకున్నారు. నా దగ్గరి కిట్‌లో ఉన్నది కూడా అదే ప్లగ్గు. అందువల్ల పాత అసలు (లెగో) మోటార్లు ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే వాటిని ఈ పెట్టెకు నేరుగా తగిలించుకోవచ్చు.

పాత అసలు రిమోట్ పరారుణ కిరణాలతో పనిచేసేది. గదిలో దానికి తిరుగులేదు, ఎండలో మాత్రం సంకేతం అందేది కాదు. నాగావళి ఒడ్డు ఇసుకలోనో, హాతీపత్థర్ దగ్గరి బండల మీదనో బండి నడపాలనుకునేవారికి అది పెద్ద అడ్డంకి. ఈ కిట్‌లోని రేడియో రిమోట్‌కు ఎండతో పని లేదు, మధ్యలో రాయి అడ్డొచ్చినా సంకేతం తెగలేదు.

ధర విషయానికి వస్తే, అసలు సంస్థ హబ్, రెండు మోటార్లు విడివిడిగా కొనడానికి అయ్యే దానిలో సగం కూడా కాలేదు. దిగుమతి అయ్యే బొమ్మల మీద సుంకాన్ని 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచిన తరువాత మన దగ్గర ఈ అభిరుచి మరీ బరువైపోయింది. 2021 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు, విద్యుత్తుతో నడిచే బొమ్మలకు ఐఎస్ 15644 ప్రమాణం వర్తిస్తుంది. కొనేముందు పెట్టె మీద ఆ గుర్తు ఉందో లేదో చూసుకోవడం మంచిది, ముఖ్యంగా లోపల లిథియం బ్యాటరీ ఉన్నప్పుడు.

దీన్ని పరీక్షించడానికి లెగో టెక్నిక్ జీప్ రాంగ్లర్‌ను ఎంచుకున్నాను. 665 ముక్కల ఆ నమూనాలో ముందూ వెనకా సస్పెన్షన్ ఉంది, విన్చ్ (తాడు చుట్టుకుంటూ బరువు లాగే సాధనం) ఉంది, కాని మోటారు లేదు, ఇంజను నుంచి చక్రాలకు వెళ్లే గేర్ల వరుస కూడా లేదు. కిట్ పెట్టె మీద బొమ్మలో చూపినట్టు మోటారు తగిలించగానే బండి పరుగెత్తుతుందని ఎవరూ అనుకోకూడదు. వెనక ఇరుసును పూర్తిగా విప్పి కొత్తగా కట్టాలి, బ్యాటరీ పెట్టెకు చోటు కావాలంటే వెనక సీట్లు వదులుకోవాలి. ఆ పని మీకు ఇష్టమైతేనే ఈ కిట్ మీది. ఇష్టం లేకపోతే మోటార్లతో సహా వచ్చే నమూనా కొనుక్కోవడమే మేలు. జేకేపూర్ కాగితం మిల్లులో ఫిట్టరుగా ఉన్న మా బావగారు మొదట దీన్ని పిల్లల ఆట అని కొట్టిపారేశారు, ఇరుసు విప్పినప్పటి నుంచి మాత్రం ఆదివారం కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంటున్నారు.

అసలు పని గేర్లలోనే ఉంది. ఈ ఇటుకల్లో ఒక రంధ్రానికీ పక్క రంధ్రానికీ మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. గేరుకు ఎన్ని పళ్లు ఉంటే దాని పని వ్యాసం (పళ్లు ఒకదానితో ఒకటి కలిసే చోటి వ్యాసం) అన్ని మిల్లీమీటర్లు ఉండేలా కొలతలు పెట్టారు. కనుక జతపడే రెండు గేర్ల పళ్లను కలిపి సగం చేస్తే ఇరుసుల మధ్య దూరం తెలిసిపోతుంది. 8, 24 పళ్ల జతకు 16 మిల్లీమీటర్లు, అంటే రెండు రంధ్రాల దూరం. 12, 36 పళ్ల జతకు 24 మిల్లీమీటర్లు, అంటే మూడు రంధ్రాల దూరం. రెండు జతలూ వేగాన్ని మూడో వంతుకు తగ్గించేవే అయినా, 8 పళ్ల చిన్న గేరు బరువు పడగానే పళ్లు జారవిడుస్తుంది, 12 పళ్లది నిలబడుతుంది. జీపు లోపల ఆ అదనపు రంధ్రం దూరం దొరకడం కష్టమే, అయినా ఎలాగోలా దొరికించుకోవాలి.

అసలు ఎక్స్ఎల్ మోటారు 9 వోల్టుల దగ్గర బరువు లేకుండా నిమిషానికి సుమారు 220 చుట్లు, ఎల్ మోటారు 390 చుట్లు తిరుగుతాయి. కిట్‌లోవి కూడా చూపుకు అదే తీరులో ఉన్నాయి, కాకపోతే దీని బ్యాటరీ 7.4 వోల్టులదే కనుక వేగం కొంత తక్కువ. 7 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చక్రం ఒక చుట్టుకు 22 సెంటీమీటర్లు సాగుతుంది. ఎక్స్ఎల్ మోటారును నేరుగా ఇరుసుకు కలిపితే, 9 వోల్టుల లెక్క ప్రకారం నిమిషానికి 48 మీటర్లు రావాలి. నిజానికి చిన్న రాయి అడ్డొస్తే చాలు, మోటారు మూలుగుతూ ఆగిపోతుంది. 12, 36 జత తరువాత ఇరుసు దగ్గర 12, 20 జత పెడితే మొత్తం వేగం అయిదో వంతుకు తగ్గి నిమిషానికి 10 మీటర్లలోపు నడక వస్తుంది. ఆ నడకతో బండి పిడికెడు రాళ్లను ఎక్కి దిగింది. ఈ వేగాన్ని తగ్గించే పనిని వీలైనంతగా చక్రానికి దగ్గరగా చెయ్యాలి. మోటారు పక్కనే తగ్గించేస్తే పెరిగిన టార్క్ (తిప్పే బలం) అంతా నడుమ ఉన్న సన్నని ప్లాస్టిక్ ఇరుసు మీద, యూనివర్సల్ జాయింట్ (వంగుతూ తిరిగే కీలు) మీద పడి ఇరుసు చెరకు గడలా మెలితిరుగుతుంది. మలుపులో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక అయిన డిఫరెన్షియల్ విషయంలో కూడా ఒక మాట చెప్పాలి: ఒక చక్రం గాలిలో లేస్తే శక్తి అంతా ఆ చక్రానికే పోయి రెండోది కదలదు, కాబట్టి బండల మీద నడిపే బండికి డిఫరెన్షియల్ లేకుండా ఒకే ఇరుసు ఉండడమే సరి. నున్నని గచ్చు మీద తిప్పేవారికి ఆ అవసరం లేదు.

విన్చ్‌కు ఎల్ మోటారు పెట్టి, వర్మ్ గేరు (మరమేకులాంటి గేరు) ద్వారా తిప్పాను. వర్మ్ గేరు వెనక్కి తిరగదు గనుక తాడు మీద బరువు ఉన్నా మోటారు ఆపగానే పట్టు నిలుస్తుంది. మధ్యలో తెల్లని 24 పళ్ల క్లచ్ గేరు ఉంచడం మరచిపోకూడదు. దాని మీదే 2.5 నుంచి 5 న్యూటన్ సెంటీమీటర్లని (టార్క్ కొలత) ముద్రించి ఉంటుంది. అంతకు మించిన బరువు పడితే ఆ గేరు జారి మోటారును కాపాడుతుంది.

ఇక సర్వో. అసలు పవర్ ఫంక్షన్స్ సర్వో నడిమి స్థానం నుంచి రెండు వైపులా 90 డిగ్రీలు తిరుగుతూ, ఒక్కో వైపు ఏడు మెట్లలో ఆగేది. తగిన రిమోట్ ఉంటే స్టీరింగ్‌ను కొంచెం కొంచెంగా తిప్పవచ్చు. ఈ కిట్ సర్వో పూర్తిగా ఎడమకో పూర్తిగా కుడికో పోతుంది తప్ప మధ్యలో ఎక్కడా ఆగదు. అంతటితో సరిపెట్టుకోవచ్చు గాని, వేడెక్కిన తరువాత అది నడిమికి తిరిగి రావడంలో తేడా చూపిస్తుంది. రిమోట్ వదిలినా బండి ఒక పక్కకు లాగుతుంది. స్టీరింగ్ ర్యాక్‌ను (చక్రాలను పక్కకు తిప్పే పళ్ల కడ్డీని) నడిపే గేరును చిన్నది చేసి, సర్వో ఎంత తిరిగినా చక్రాలు కొద్దిగానే మలుపు తీసుకునేలా చేస్తే ఈ లోపం బయటికి తక్కువగా కనిపిస్తుంది, బండి తిరగడానికి మాత్రం ఎక్కువ చోటు కావాలి. అమ్మినవారికి రాస్తే మార్చి ఇచ్చారు. మార్చి ఇచ్చిందీ అదే తీరు.

బ్యాటరీ పెట్టె మీద నాకు ఫిర్యాదు లేదు. ఏఏ రకం పెన్సిల్ సెల్స్ ఆరు మోయనక్కర లేకపోవడంతో బండి వెనక భాగం తేలికైంది, మాటిమాటికి సెల్స్ కొనే ఖర్చు కూడా తప్పింది. బరువు మించితే పెట్టె తనంతట తాను ఆగిపోతుంది, ఆపి మళ్లీ వేస్తే పనిచేస్తుంది. మన వైపు మే నెల మధ్యాహ్నాల్లో మాత్రం జాగ్రత్త అవసరం. ఎండలో నడిపిన వెంటనే చార్జింగ్ పెట్టకుండా నీడలో చల్లారనివ్వాలి, ఎందుకంటే లిథియం సెల్‌ను 45 డిగ్రీలకు పైబడిన వేడిలో చార్జ్ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. ఎర్రమట్టి దుమ్ము ఇంకో సమస్య. గేర్లకు కొబ్బరి నూనె గాని మిషన్ ఆయిల్ గాని రాస్తే ఆ దుమ్మంతా పట్టుకుని పళ్లను అరగదీస్తుంది; మెత్తని బ్రష్‌తో దులిపి పొడిగానే ఉంచడం మేలు, తప్పనిసరైతే సిలికాన్ గ్రీజు చుక్క చాలు.

మోటార్ల శబ్దం అసలువాటి కంటే ఎక్కువ. పొడిగింపు తీగలు పొట్టివి, పెద్ద లారీ నమూనాకు చాలవు. సూచనల పుస్తకంలో బొమ్మలు తప్ప ఏమీ లేవు, గేర్ల గురించి ఒక్క ముక్క లేదు. పార్శిల్ రాయగడకు నలగకుండానే చేరింది గాని, మార్పిడి సరుకు కోసం చాలా రోజులు ఆగవలసి వచ్చింది. విశాఖపట్నం వెళ్లే పని ఉన్నవారు అక్కడి దుకాణంలో చూసి, సర్వోను అక్కడికక్కడే పదిసార్లు తిప్పించి తీసుకోవడం నయం. సర్వో లేని చిన్న కట్ట కూడా అమ్ముతున్నారు. స్టీరింగ్ అక్కర లేని క్రేనుకో, ట్రాక్టర్ వెనక తగిలించే యంత్రానికో, రెండు పట్టాల మీద నడిచే బుల్డోజరుకో అయితే కళ్లు మూసుకుని దాన్నే కొనవచ్చు, ఎందుకంటే పట్టాల బండి మలుపు తిరగడానికి రెండు మోటార్ల వేగాల్లో తేడా ఉంటే సరిపోతుంది.