అమ్మిన సైకిల్‌ను అట్టపెట్టెలో పంపడం: చాలాకాలం వాడాక సమీక్ష

అమ్మిన సైకిల్‌ను దూరాన ఉన్న కొనుగోలుదారుకు తక్కువ ఖర్చులో చేర్చాలంటే, కొత్త సైకిళ్లు దుకాణాలకు వచ్చే అట్టపెట్టెను మించింది నాకు కనబడలేదు. గట్టి ప్లాస్టిక్ కేసు భద్రమే, కానీ అది తిరిగి రావాలి. ఆ తిరుగు ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? జిప్పు సంచులు మనతో పాటు వచ్చే సామానుకు సరే గానీ, గోదాములో ఒకదాని మీద ఒకటి పేర్చే చోట పనికిరావు. సైకిళ్ల దుకాణాల్లో ఖాళీ పెట్టె అడిగితే చాలాసార్లు ఊరికే ఇచ్చేస్తారు. దాంతోపాటు వచ్చిన ప్లాస్టిక్ ముక్కలు, అంటే ఫోర్క్ (ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే భాగం) చివర్ల మధ్య పెట్టే అడ్డు, ఇరుసు మూతలు కూడా అడిగి తీసుకోండి.

ఖర్చు ఎక్కడ పుడుతుందో ముందు తెలియాలి. సర్దిన సైకిల్ 15 నుంచి 18 కిలోలు తూగుతుంది, బిల్లు మాత్రం సాధారణంగా ఆ బరువు మీద పడదు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి ఒక సంఖ్యతో భాగిస్తారు. దాన్ని వాల్యూమెట్రిక్ బరువు అంటారు. అసలు బరువు, ఇది, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. పొడవు 140, ఎత్తు 80, వెడల్పు 20 ఉన్న పెట్టెకు 5000తో భాగిస్తే 44.8 కిలోలు. 6000తో భాగించే చోట 37.3, 4000తో భాగించే చోట 56. అందుకే కిలోకి ఎంత అని అడిగే ముందు దేనితో భాగిస్తారో అడగాలి. రైలు గానీ బస్సు గానీ, అసలు బరువు మీదే తీసుకునే పార్సిల్ ఏదైనా అందుబాటులో ఉంటే ఈ లెక్కంతా అక్కర్లేదు, నేరుగా అక్కడికే వెళ్లండి.

కొరియర్‌లో కీలకమంతా వెడల్పులో ఉంది. పై పెట్టె పొడవు ఒక సెంటీమీటర్ పెరిగితే, 5000 లెక్కన 0.32 కిలో. ఎత్తు పెరిగితే 0.56. వెడల్పు పెరిగితే ఏకంగా 2.24 కిలోలు. లేజర్‌తో కొలిచే యంత్రాలున్న చోట పెట్టె ఉబ్బిన భాగాన్నే కొలతగా పట్టుకుంటాయి. పెట్టె రెండు సెంటీమీటర్లు ఉబ్బిందంటే నాలుగున్నర కిలోల అదనపు బిల్లు తర్వాత మీ ఇంటికొస్తుంది. ఆ ఉబ్బిన చోటే అట్ట చిరిగి ఇరుసు బయటికి పొడుచుకొస్తుంది కూడా. పలచగా సర్దితే డబ్బూ మిగులుతుంది, సైకిలూ బతుకుతుంది.

ముందుగా పెడళ్లు. 15 మి.మీ. పానాతో గానీ, కొన్నింటికి 6 లేక 8 మి.మీ. అలెన్ కీతో గానీ ఊడతాయి. ఎడమ పెడల్‌ది ఎదురు మర. ఏ వైపైనా పానాను పెడల్ ఇరుసుకు పైకి నిలబెట్టి వెనక చక్రం వైపు తిప్పితే వదులవుతుందని గుర్తుంచుకుంటే చాలు, మర పాడవదు. సీటు ఎత్తు దగ్గర టేపు గుర్తు పెట్టి సీటు తీసేయండి. హ్యాండిల్‌ను స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్క్‌కు కలిపే ముక్క) ముందున్న బోల్టులు విప్పి వేరు చేసి ఫ్రేమ్ పై గొట్టానికి కట్టండి. స్టెమ్‌ను మాత్రం కదపొద్దు. అది తీస్తే ఫోర్క్ జారి బేరింగులు చెదురుతాయి.

ముందు చక్రం సర్దడంలోనే వెడల్పు తేలుతుంది. చక్రాన్ని ఫ్రేమ్‌కు ఎడమవైపు పెట్టి, దాని ఇరుసు ఏ గొట్టం మీదా ఆనకుండా ఫ్రేమ్ నడుమ ఖాళీలోకి వచ్చేలా చూడాలి. ఎడమ క్రాంక్ (పెడల్ బిగించే చేయి) చక్రం చువ్వల మధ్య నుంచి దూరాలి. ఇరుసు గుండా దూరి చక్రాన్ని బిగించే క్విక్ రిలీజ్ కడ్డీ ముందే లాగేయాలి. తర్వాత మూడు నాలుగు చోట్ల జిప్ టైలతో చక్రాన్ని ఫ్రేమ్‌కు బిగించి కదిపి చూడండి. ఇంకా ఆడుతుంటే దారిలో రంగు గీకేస్తుంది. తగిలే ప్రతిచోటా ఫోమ్ గొట్టం చుట్టాలి.

ఎక్కువగా దెబ్బతినేది వెనక డిరైలర్ హ్యాంగర్, అంటే గేర్లు మార్చే డిరైలర్‌ను ఫ్రేమ్‌కు తగిలించే ముక్క. పెట్టె కుడివైపు పడిందంటే అది వంగుతుంది, ఆ తర్వాత గేర్లు సరిగా పడవు. 5 మి.మీ. అలెన్ కీతో డిరైలర్ విప్పి, బబుల్ రాప్ చుట్టి, చైన్‌తో సహా ఫ్రేమ్ వెనక త్రికోణం లోపలికి కట్టేయడం ఉత్తమం. డిస్క్ బ్రేకులుంటే, చక్రం తీసిన చోట ప్యాడ్ల మధ్య అట్టముక్క తప్పనిసరి. హైడ్రాలిక్ బ్రేకు లీవర్ దారిలో నొక్కుకుపోతే పిస్టన్లు బయటికొచ్చి, చక్రం మళ్లీ ఎక్కదు. ఫోర్క్ చివర్ల మధ్య అడ్డు లేకపోతే పక్కనుంచి పడే ఒత్తిడికి అవి దగ్గరకు వంగుతాయి.

చిన్న మరలన్నీ ఒక సంచిలో వేసి ఫ్రేమ్‌కే కట్టండి. పెట్టెలో వదిలేస్తే చేతిపిడి రంధ్రం నుంచి జారిపోతాయి. అడుగున ఉండే ఇనుప పిన్నులను నమ్మొద్దు, 48 మి.మీ. టేపు మూడు వరసలు వేయాలి. పెట్టె అడ్డంగా నలగకుండా వెడల్పుకు సరిపడా కోసిన అట్ట గొట్టాలు రెండు లోపల నిలబెట్టండి. చిరునామా పెట్టె లోపల కూడా ఒకటి ఉంచాలి.

అట్టపెట్టెకు లోపాలూ ఉన్నాయి. తడిస్తే బలం పోతుంది. అడుగు మూలలు అరిగిన పాత పెట్టె మళ్లీ వాడొద్దు. కొన్ని సంస్థలు 120 సెం.మీ. దాటితే పొడవు రుసుము వేస్తాయి. అలాంటప్పుడు రెండు చక్రాలూ తీసి 115×72×28 పెట్టెలో సర్దవచ్చు. 5000తో భాగిస్తే 46.4 కిలోల లెక్క వస్తుంది, అంటే కాస్త ఎక్కువే, కానీ ఆ రుసుము తప్పుతుంది. వెడల్పు 30 అయితే 49.7కు చేరుతుంది.

బీమా తీసుకుంటే సర్దేటప్పుడు దశలవారీగా ఫొటోలు తీయండి, సాధారణంగా రెండు క్రాంకులను కలిపే ఇరుసు ఉండే గొట్టం కింద చెక్కిన ఫ్రేమ్ నంబరుతో సహా. సరిగా సర్దలేదన్న కారణంతోనే చాలా క్లెయిములు కొట్టేస్తారు. కొనుగోలుదారుకు 4, 5 మి.మీ. అలెన్ కీలు పెట్టి పంపితే బిగించుకోవడం తేలిక.

బ్యాటరీ సైకిల్‌కు మాత్రం ఈ పద్ధతి వద్దు. లిథియం బ్యాటరీ ప్రమాదకర సరుకు కింద వస్తుంది. బ్యాటరీని విడిగా పంపితే యూఎన్ 3480 (లిథియం అయాన్ బ్యాటరీలకు ఇచ్చిన ప్రమాదకర సరుకు సంఖ్య) గుర్తు, దానికి తగిన ప్యాకింగ్, అంగీకరించే సంస్థ కావాలి. చెప్పకుండా మామూలు పెట్టెలో పెట్టేయడం నేరమే కాదు, దాన్ని మోసే వాళ్లకు ప్రాణాపాయం కూడా.