ఐసోబార్ మోడల్: అంతా బాగానే ఉంది, ఆ కటాఫ్ ఒక్కటే

గుంటూరులో డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ పీహెచ్‌డీ చేస్తున్నదాన్ని. నాకున్నదల్లా ఒక మామూలు లాప్‌టాప్. ప్రోటాన్ మీద ఫోటాన్ (కాంతి కణం) పడి కేయాన్, లాంబ్డా అనే కణాలు పుట్టే చర్యను లెక్కించడానికి అందుకే ఐసోబార్ మోడల్ పట్టుకున్నాను. మధ్యలో క్షణకాలం పుట్టి పోయే రెజొనెన్స్ కణాలను ఒక్కొక్కటిగా కలిపి లెక్కించే పద్ధతి అది. ఇన్నేళ్లుగా వాడుతున్నది అదే. లాగ్రాంజియన్లు, ఫైన్‌మన్ బొమ్మల సంగతి ఇక్కడ చెప్పను, వాడేవాళ్లందరికీ తెలిసినవే. చెప్పాల్సింది కటాఫ్ గురించి, అంటే లెక్కలో ఉబ్బిపోయే భాగాలను అణచడానికి పెట్టే సంఖ్య గురించి. దాని మీద నాకు చాలా కోపం ఉంది.

కేయాన్, లాంబ్డా, ప్రోటాన్ కలిసే చోట కప్లింగ్‌ను (అవి ఎంత బలంగా కలుస్తాయో చెప్పే సంఖ్యను) ఎస్‌యూ(3) సౌష్ఠవం (ఈ కణాలను ఒక కుటుంబంగా చూసే నియమం) చెప్పినట్టే పెట్టామనుకోండి. బోర్న్ పదాలు (రెజొనెన్స్‌లు లేని మూల భాగాలు) ఒక్కటే కొలిచిన క్రాస్ సెక్షన్‌ను (చర్య జరిగే అవకాశపు కొలతను) ఎన్నో రెట్లు దాటిపోతాయి. వాటిని అణచడానికి ఫామ్ ఫ్యాక్టర్ అనే తగ్గించే గుణకం తగిలిస్తాం. కటాఫ్ దానిలోని సంఖ్యే. తగిలించగానే గేజ్ ఇన్వేరియన్స్ (విద్యుదావేశం లెక్క తప్పకూడదన్న నియమం) చెడుతుంది. దాన్ని హాబర్‌జెట్ల్ అనే శాస్త్రవేత్త పద్ధతిలో మళ్లీ నిలబెడతాం. ఇంత తతంగం అయ్యాక ఫిట్ తేల్చే కటాఫ్ ఎంత? బోర్న్ పదాలకు 0.8 జీఈవీ (కణాల శక్తిని, ద్రవ్యరాశిని కొలిచే యూనిట్) దగ్గర. ప్రోటాన్ ద్రవ్యరాశే 0.938 జీఈవీ! రెజొనెన్స్‌లకేమో 1.9 దాకా వెళ్లనిస్తుంది. కూరలో కారం ఎక్కువైందని పెరుగు కలిపేశాక, వేసిన మిరపకాయ ఎంత ఘాటుదో ఎవరు చెప్పగలరు? గుంటూరు వాళ్లం కదా, ఈ మాట అనే హక్కు మాకుంది.

"ఈ 0.8 ఎక్కడిదమ్మా?" అని గ్రాఫ్ చూస్తూ మా గైడ్ గారు అడిగారు.

"ఫిట్‌లో వచ్చింది సార్."

"అది లేకుండా గీసి చూపించు."

గీశాను. గీత పేజీ పైఅంచు దాటి వెళ్లిపోయింది. ఆయన ఇంకేం అడగలేదు.

అయినా క్రాస్ సెక్షన్ వరకైతే మోడల్ నన్ను బాగానే చూసుకుంది. జర్మనీలో బాన్‌లోని సాఫిర్ ప్రయోగం 2004లో ఇచ్చిన డేటాకీ, అమెరికాలో జెఫర్సన్ ల్యాబ్‌లోని క్లాస్ ప్రయోగం 2006లో ఇచ్చిన డేటాకీ, ముఖ్యంగా ముందుకోణాల్లో (కేయాన్ ఫోటాన్ వచ్చిన దిశలోనే పోయే చోట) పొత్తు కుదరదు. నేను క్లాస్ వైపు వెళ్లాను. కైస్క్వేర్ (గీత డేటాకి ఎంత సరిపోయిందో చెప్పే సంఖ్య) చూసి కాలేజీలో అందరికీ కాఫీ కూడా ఇప్పించాను.

తేడా కొట్టింది ధ్రువణం (కణాల స్పిన్ ఒకే వైపు ఎంత తిరిగి ఉందో చెప్పే కొలత) దగ్గర. లాంబ్డా తన ధ్రువణాన్ని తనే చెప్పేస్తుంది. అది ప్రోటాన్, పయాన్‌గా విడిపోయేటప్పుడు ప్రోటాన్ ఎటు ఎక్కువగా పోతుందో చూస్తే చాలు. 2007లో క్లాస్ వాళ్లు వృత్తాకార ధ్రువణం ఉన్న ఫోటాన్లతో సీఎక్స్, సీజెడ్ (ఫోటాన్ ధ్రువణంలో ఎంత వంతు లాంబ్డాకు రెండు దిశల్లో చేరిందో చెప్పే సంఖ్యలు) కొలిచారు. ఫోటాన్ ధ్రువణం దాదాపు మొత్తం లాంబ్డాకే చేరుతున్నట్టు తేలింది. చాలాచోట్ల సీజెడ్ ఒకటి దగ్గరే ఉంది. నా గీత మాత్రం ఎంత లాగినా కిందే ఉండిపోయింది. ధ్రువణం ఒక నిష్పత్తి. మొత్తం సైజును కటాఫ్‌తో ఎంత సర్దినా అక్కడ ఒరిగేదేమీ లేదు. బోర్న్ వాటా ఎంత, రెజొనెన్స్ వాటా ఎంత అన్నదే బయటపడుతుంది. ఎన్(1900) అనే 3/2 స్పిన్ రెజొనెన్స్‌ను చేర్చాక గీత కొంత లేచింది గానీ, సరిపోలేదు. మే నెల ఎండలు, బ్రాడీపేటలో మేడ మీద గది, రాత్రంతా ఫిట్, మధ్యలో కరెంటు పోతుందేమోనన్న టెన్షన్. కటాఫ్‌ను తిట్టని రోజు లేదు.

మిగిలిన తేడాలో కొంత మోడల్‌ది కాదని ఆ తర్వాత తెలిసింది. ప్రోటాన్ దిశ నుంచి ధ్రువణం తీయాలంటే ఆల్ఫా అనే సంఖ్యతో భాగించాలి. దశాబ్దాలుగా అందరూ వాడింది 0.642. బీజింగ్‌లోని బీఈఎస్3 ప్రయోగం 2019లో దాన్ని 0.750గా కొలిచింది. అదే ఏడాది క్లాస్ కేయాన్ డేటా నుంచే మరో దారిలో తీస్తే 0.721 వచ్చింది. 0.750 తీసుకుంటే పాత ధ్రువణం విలువలన్నీ 14 శాతం దాకా దిగుతాయి. అలా దించి మళ్లీ గీస్తే, చాలా బిన్‌లలో (శక్తి, కోణం గడుల్లో) డేటానే నా గీత దగ్గరికి వచ్చింది. ఎగిరి గంతేశాను. అలాగని దీన్ని మోడల్ ఖాతాలో వేయలేను. వెనుకకోణాల్లో తేడా ఇప్పటికీ అలాగే ఉంది, కటాఫ్ కూడా 0.8 దగ్గరే కూర్చుంది.

జూనియర్లు అడిగితే ఒకప్పుడు కళ్లు మూసుకుని ఇదే వాడమనేదాన్ని. ఇప్పుడైతే ముందు మీ శక్తి ఎంతో అడుగుతాను. ఫోటాన్ శక్తి 911 ఎంఈవీ (0.911 జీఈవీ) దాటితేనే ఈ చర్య మొదలవుతుంది. అక్కడి నుంచి 1.5 జీఈవీ దాకా, నాలాగా ఒంటరిగా లాప్‌టాప్ మీద పని చేసేవాళ్లకు ఇంతకన్నా తేలికైనది నాకు కనిపించలేదు. మూడు జీఈవీ పైన ముందుకోణాలు కావాలంటే కేయాన్, కేస్టార్ ట్రాజెక్టరీలతో (ఒక్కో కణం బదులు దాని కుటుంబం మొత్తాన్ని ఒకేసారి లెక్కలోకి తీసుకునే) రెగ్గే బ్యాక్‌గ్రౌండ్ మేలు. బోర్న్ పదాల కటాఫ్ గొడవే ఉండదు. రెజొనెన్స్‌లు కలిపితే వాటికి అక్కడా ఒక కటాఫ్ ఉంటుంది లెండి. పయాన్, ఈటా లాంటి వేరే కణాలు పుట్టే ఛానళ్లన్నీ కలిపి చేసే కపుల్డ్ ఛానల్ లెక్కలు ఇంకా మంచివి. వాటికి మనుషులూ కావాలి, మెషీన్లూ కావాలి.

నాకూ రెగ్గేకి మారాలనే ఉంది. కానీ ఇప్పుడు మారితే థీసిస్‌లో మూడో అధ్యాయం మొత్తం మళ్లీ రాయాలి.