మాత్ర కంటే ముందు షుగర్ టెస్టు రాసిన డాక్టరు గారు

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమస్తాని. వయసు 49. కొంతకాలంగా అంగస్తంభన సరిగ్గా ఉండటం లేదని కొత్తపేటలో ఒక యూరాలజీ క్లినిక్‌కి వెళ్లాను. ఒక ఫిర్యాదు కూడా ఉంది కాబట్టి పేరు రాయడం లేదు. హాలు నిండా జనం ఉండగా కౌంటర్లో అమ్మాయి "ఏం ప్రాబ్లమండీ?" అని గట్టిగా అడిగింది. యూరిన్ ప్రాబ్లమని చెప్పి కూర్చున్నాను. ఈ సమస్యతో వచ్చినవాళ్ల చేతికి ఒక చీటీ ఇచ్చి రాసిమ్మంటే ఎంత బాగుంటుంది!

డాక్టరు గారు మాత్రం బంగారం. తెల్లవారి లేచేసరికి స్తంభన ఉంటోందా అని ముందు అడిగారు. ఉంటే టెన్షన్, దిగులు లాంటి కారణాల వైపు ఎక్కువగా చూస్తారట. నాకు అదీ తగ్గింది. సిగరెట్లు, మందు, వాడే మాత్రలు అన్నీ అడిగారు. కొన్ని బీపీ మాత్రల వల్ల కూడా ఇలా అవుతుందని, అలాగని సొంతంగా ఆపేయకూడదని చెప్పారు.

తర్వాత కాగితం మీద బొమ్మ గీశారు. అంగంలోని ధమనులు 1-2 మిల్లీమీటర్లు, గుండెవి 3-4. లోపల కొవ్వు పేరుకుంటే సన్నవాటిలోనే ముందు రక్తం తగ్గుతుంది. అందుకే గుండె జబ్బు బయటపడటానికి కొన్నేళ్ల ముందే ఇది కనిపించవచ్చు. మా నాన్న గుండెపోటుతోనే పోయారు. ఆ మాట వినగానే నాకు చెమటలు పట్టాయి. ఈసీజీ, కొలెస్ట్రాల్, రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ పరీక్షలు రాశారు. హెచ్‌బీఏ1సీ 8.1 వచ్చింది. నాకు షుగర్ ఉందని తెలిసింది అప్పుడే.

స్తంభన కోసం వేసుకునే సిల్డెనాఫిల్ మాత్ర రాసే ముందు, గుండెకు సార్బిట్రేట్ లాంటివి వాడుతున్నారా అని రెండుసార్లు అడిగారు. ఆ రెండూ కలిస్తే బీపీ ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోతుంది. లాడ్జిలో మకాం వేసి గోడలకు కాగితాలు అంటించేవాళ్లు ఈ ప్రశ్న అడుగుతారా? మాత్ర గంట ముందు వేసుకోవాలి, నూనె భోజనం మీద వేసుకుంటే ఆలస్యం, మనసులో కోరిక లేకపోతే పనిచేయదు.

తర్వాతిసారి మా ఆవిడను కూడా రమ్మన్నారు. "మీ మీద ఇష్టం తగ్గి కాదమ్మా, రక్తం సరిగ్గా అందక" అన్నారు. ఆవిడ కళ్లు తుడుచుకుంది. నేను ఎంత చెప్పినా నమ్మని మాట అది.

షుగర్ దారిలోకి వచ్చింది, సిగరెట్ మానేశాను, చాలా నయం. పూర్తిగా మునుపటిలా అయిందని మాత్రం చెప్పను. వెళ్లేవాళ్లు పొద్దున్నే పరగడుపున వెళ్లండి. టెస్టోస్టిరాన్‌కి రక్తం పదింటిలోపే ఇవ్వాలి, షుగర్ కూడా దాంతోపాటే చూసేస్తారు.