స్లీపర్ క్లాసులో ఒంటరిగా, తక్కువ ఖర్చుతో దేశం చుట్టడం: ఏళ్ల వాడకం తర్వాత

ఇన్నేళ్లలో తేలిందేమిటంటే, స్లీపర్ ప్రయాణంలో జేబుకు చిల్లు పెట్టేది ఛార్జీ కాదు, వెయిటింగ్ లిస్టు. బెర్తు ఖాయం కాకపోతే చివరి నిమిషంలో బస్సో, లాడ్జో వెతుక్కోవాలి. పొదుపు చేసిందంతా అక్కడే పోతుంది.

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. వెయిటింగ్ లిస్టులో పడితే అంకె కంటే ముందు దాని పక్కనున్న అక్షరాలు చూడాలి. జీఎన్‌డబ్ల్యూఎల్ (జనరల్ వెయిటింగ్ లిస్టు) ఎక్కువగా రైలు బయల్దేరే స్టేషన్ నుంచి తీసుకున్న టికెట్‌కు వస్తుంది, బాగా కదులుతుంది. మధ్య స్టేషన్ల ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్ (రిమోట్ లొకేషన్), పీక్యూడబ్ల్యూఎల్ (పూల్డ్ కోటా) లిస్టులకు కేటాయించే బెర్తులే తక్కువ, అందుకని అంకె చిన్నదైనా నమ్మకం లేదు. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్లు టికెట్ నాంపల్లి నుంచి తీసుకుని, బుక్ చేసేటప్పుడే బోర్డింగ్ కాజీపేట అని పెట్టుకుంటే పెరిగే ఛార్జీ కొంచెమే. అలా మార్చాక మాత్రం నాంపల్లిలో ఎక్కే హక్కు ఉండదు. ఆన్‌లైన్ టికెట్ చార్ట్ (బెర్తుల ఆఖరి జాబితా) తయారయ్యాక కూడా వెయిటింగ్‌లోనే ఉంటే దానంతట అదే రద్దవుతుంది, దాంతో రైలెక్కకూడదు. ఆర్‌ఏసీ (పూర్తి బెర్తు కాకుండా కూర్చునే చోటు) వస్తే ఎక్కొచ్చు, కానీ సైడ్ లోయర్‌ను ఇంకొకరితో పంచుకుని కూర్చోవాలి.

తత్కాల్‌లో చాలామంది తప్పేది తేదీ దగ్గర. స్లీపర్ తత్కాల్ ఒక రోజు ముందు, ఉదయం 11 గంటలకు తెరుస్తారు. ఏ రోజన్నది రైలు తన మొదటి స్టేషన్ నుంచి బయల్దేరే తేదీని బట్టి లెక్క, మన స్టేషన్‌కు వచ్చే తేదీని బట్టి కాదు. బుధవారం బయల్దేరి గురువారం మన ఊరికొచ్చే రైలైతే తత్కాల్ మంగళవారమే. బుధవారం కూర్చుంటే మిగిలేవి ఎవరూ తీసుకోనివే. ఆన్‌లైన్‌లో కొనాలంటే ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ ముందే అయిపోయి ఉండాలి. ఖాయమైన తత్కాల్ టికెట్ రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిరాదు.

బెర్తు అంకెను 8తో భాగిస్తే వచ్చే శేషం చూడండి. 1, 4 లోయర్. 2, 5 మిడిల్. 3, 6 అప్పర్. 7 సైడ్ లోయర్. శేషం లేకపోతే సైడ్ అప్పర్. ఒంటరి ప్రయాణికుడికి నా ఓటు సైడ్ అప్పర్‌కే. పగలంతా ఎవరూ లేపరు, సంచి కళ్లెదుటే ఉంటుంది. పొడుగువాళ్లకు మాత్రం కాళ్లు చాపుకునే చోటు చాలదు, వాళ్లు అప్పర్ అడగాలి. మిడిల్ బెర్తు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకే మనది, పగలు నడుం వాల్చే వీలుండదు. ఎల్‌హెచ్‌బీ (కొత్త రకం) స్లీపర్ బోగీలో 80 బెర్తులుంటాయి. మొదటి ఎనిమిది, చివరి ఎనిమిది మరుగుదొడ్ల పక్కన, రాత్రంతా తలుపుల చప్పుడు. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు మహిళా కోటా తప్పక చూసుకోవాలి. దూరప్రాంత మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్ల స్లీపర్‌లో వయసుతో పనిలేకుండా ఆరు బెర్తులు దానికింద ఉంటాయి.

స్లీపర్ ఓడిపోయే కాలాలు రెండు. మే నెలలో పగటిపూట నాగపూర్ దాటాక పైబెర్తు పెనంలా కాలుతుంది, అప్పుడు డబ్బు చూసుకోకుండా థర్డ్ ఏసీ తీసుకోవడమే మేలు. డిసెంబరు, జనవరిలో ఉత్తరాదిన పొగమంచుకు రైళ్లు గంటల కొద్దీ ఆలస్యం. స్లీపర్‌లో దుప్పటి ఇవ్వరు, కిటికీ సందుల్లోంచి చలి కోస్తుంది. ఆ నెలల్లో ఒకే రోజు రెండు రైళ్లు మారే పథకం వేయొద్దు.

నాలుగైదు ఊళ్లు చూసి బయల్దేరిన చోటికే తిరిగొచ్చే పని ఉంటే సర్క్యులర్ జర్నీ టికెట్ గురించి కౌంటర్‌లో అడగండి. మధ్యలో ఎనిమిది చోట్ల దాకా ఆగొచ్చు. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే ఛార్జీ తగ్గుతుంది కనుక విడివిడి టికెట్ల కంటే చౌక. దారి రాసిచ్చి టికెట్ చేయించుకుని, ఆపైన ఒక్కో రైలుకు విడిగా రిజర్వేషన్ చేయించుకోవాలి. ఇక్కడే బెడిసికొడుతుంది: టికెట్ చేతికొచ్చేసరికి కావలసిన రైళ్లలో బెర్తులుండవు. ముందు ఖాళీలు చూసుకుని, తర్వాతే దారి గీయాలి. రెండు ఊళ్లకైతే ఈ తిప్పలు దండగ.

బస ఖర్చు తగ్గాలంటే రాత్రులు రైల్లో గడవాలి. స్నానానికి, ఒక పూట నిద్రకు స్టేషన్‌లోని రిటైరింగ్ రూమ్ డార్మిటరీ చాలు, ఖాయమైన లేదా ఆర్‌ఏసీ టికెట్ పీఎన్‌ఆర్ నంబరుతో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. సామాను క్లోక్‌రూమ్‌లో పెట్టాలంటే టికెట్ చూపాలి, సంచికి తాళం ఉండాలి. వీపుసంచి జిప్పులకు చిన్న తాళం లేక వెనక్కి తిరిగొచ్చేవాళ్లను తరచూ చూస్తుంటాం. స్లీపర్‌లో 40 కిలోల దాకా ఉచితమే అయినా, ఒంటరిగా ఉన్నప్పుడు మరుగుదొడ్డికి కూడా మోసుకెళ్లగలిగే బరువే సరైనది. ఒకే సంచి, పది కిలోలు దాటకుండా. రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు ఛార్జింగ్ ప్లగ్గులు ఆపేస్తుంటారు కాబట్టి ఫోను పది గంటలకే నింపుకోవాలి.