ఇంగ్లీషు పాఠం: ఫోన్‌లో ఏది, తరగతిలో ఏది?

40 మందికి 45 నిమిషాల పీరియడ్ అంటే ఒక్కొక్కరికి మాట్లాడే వంతు నిమిషం చిల్లర. అందులో సగం బోర్డు మీద టెన్సులకే పోతే పిల్లలు నోరు విప్పేదెప్పుడు? అందుకే గ్రామర్‌ని ఫోన్‌కి వదిలేయాలంటాను. అర్థం కాకపోతే వీడియో వెనక్కి తిప్పి పదిసార్లు వినొచ్చు, ఎవరూ నవ్వరు.

ఉచ్చారణ మాత్రం తరగతిదే. పడమరకీ బనియనుకీ ఉన్న ఇంగ్లీషు మాటలు రెంటినీ మనం ‘వెస్ట్’ అనే రాస్తాం, ఒకేలా పలుకుతాం. మొదటిదానికి పెదవులు గుండ్రంగా చుట్టాలి. రెండోదానికి పై పళ్లు కింది పెదవికి తగలాలి. టీచర్ ఎదురుగా నిలబడి చూపించి, పిల్లాడి నోరు చూసి సరిచేస్తే ఇట్టే పట్టుబడుతుంది.

ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్న జేబులో ఉంటే? ఆ పిల్లలకి వీడియో బడిలోనే చూపించాలి.