ఉద్దానం గాలిలో టిప్పింగ్ బకెట్ రెయిన్‌గేజ్: ఆరు వర్షాకాలాల తర్వాత

కొత్తలో బాగానే పనిచేస్తుంది. వాన కొలిచే ఏ గేజైనా అంతే. పెట్టె మీద ‘2 శాతం తేడా’ అని ఉంటుంది గానీ అది ఎంత జోరు వానకో చూడాలంటే కాగితం వెనక చిన్న అక్షరాలు వెతకాలి. అక్టోబరులో వాయుగుండం పట్టినప్పుడు సోంపేట, కవిటి వైపు పడే వాన ఆ చిన్న అక్షరాల వాన కాదు.

మూతిలో పడ్డ వాన గరాటు గుండా రెండు గదుల చిన్న బకెట్‌లోకి దిగుతుంది. ఒక గది నిండగానే బకెట్ ఒరిగి నీళ్లు పారబోసి, రెండో గదిని గరాటు కిందికి తెస్తుంది; ఆ ఒరుగుడే టిప్పు. మూతి వ్యాసం 200 మిల్లీమీటర్లు, ఒక్కో టిప్పు 0.2 మిల్లీమీటర్ల వాన, లోపల అయస్కాంతం, అది దగ్గరికొస్తే కలుసుకుని టిప్పును లెక్కేయించే రీడ్ స్విచ్. పెట్టిన చోటు సముద్రపు గాలి తగిలే జీడి తోట అంచు. పది అడుగుల దూరంలో చేత్తో కొలిచే ఫైబర్ గేజు ఉంది, దాని మూతి నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తులో. ఆ రెండోది పక్కన లేకుంటే ఈ సమీక్ష రాసే వీలే లేదు.

అసలు లోపం యంత్రంలోనే ఉంది. గంటకు 100 మిల్లీమీటర్ల వానలో ప్రతి 7.2 సెకన్లకు ఒక టిప్పు పడాలి. బకెట్ ఒరుగుతున్న ఆ అర సెకను కూడా గరాటు నుంచి నీళ్లు దిగుతూనే ఉంటాయి, నిండిన గదిలోకే పడి లెక్కలోకి రాకుండా పోతాయి. జోరు పెరిగే కొద్దీ నష్టం పెరుగుతుంది. ప్రపంచ వాతావరణ సంస్థ 2004-05లో ఇటలీ, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ ప్రయోగశాలల్లో, ఆపైన 2007 అక్టోబరు నుంచి 2009 ఏప్రిల్ దాకా రోమ్ దగ్గరి విన్యా ది వల్లెలో రకరకాల దేశాల గేజులను పక్కపక్కన పెట్టి చూసింది. నేలమట్టానికి మూతి వచ్చేలా గోతిలో పెట్టిన గేజులే అక్కడ ప్రమాణం. జోరును బట్టి లెక్క సరిచేసే సవరణ లేని టిప్పింగ్ బకెట్లు జోరు వానలో తక్కువ చూపిస్తాయని, సవరణ పెడితే చాలావరకు సర్దుకుంటాయని తేలింది. ఉద్దానంలో కనిపించేదీ అదే: తుంపరలో రెండు గేజులూ ఒకటే, కుండపోతలో ఎలక్ట్రానిక్‌ది వెనకబడుతుంది.

సరిచూడడం ఇలా. ఈ మూతికి 20 మిల్లీమీటర్ల వానంటే 628 మిల్లీలీటర్లు, అంటే 100 టిప్పులు. రెండు లీటర్ల సీసా అడుగున సన్న గొట్టం, పైన బిగుతైన బిరడా, బిరడాలోంచి దాదాపు అడుగు దాకా దిగే గాలి గొట్టం. గాలి గొట్టం లేకపోతే సీసాలో మట్టం తగ్గే కొద్దీ ధార నీరసిస్తుంది, పరీక్ష పనికిరాదు. ముందు గరాటును, బకెట్లను తడపండి. సీసాను మొదట్లో, చివర్లో వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు మీద తూచండి, గ్రాము మిల్లీలీటరుకు సమానం. ఇరవై నాలుగు నిమిషాల్లో 628 పోతే గంటకు 50 మిల్లీమీటర్ల వాన, పన్నెండు నిమిషాల్లో పోతే 100. మొదటిదానిలో 100 టిప్పులొచ్చి రెండోదానిలో 95 వస్తే బకెట్ కింద ఉండే సర్దుబాటు మరలు ముట్టుకోవద్దు. అక్కడ మర తిప్పితే తుంపరలో ఎక్కువ చూపిస్తుంది. ఆ 5 శాతం సవరణ లాగర్‌లో, అంటే టిప్పులు నమోదు చేసే పరికరంలో పెట్టాలి.

రెండు ధారల్లోనూ తేడా ఒకటే అయితేనే మర. కింది మర పైకి ఎక్కిస్తే బకెట్ తక్కువ నీటికే ఒరుగుతుంది, టిప్పులు పెరుగుతాయి. రెండు వైపులా సమానంగా, పావు చుట్టు చొప్పున తిప్పాలి. పది మిల్లీలీటర్ల సిరంజితో ఒక్కో వైపు చుక్కచుక్కగా పోసి చూడండి, 6.3 మిల్లీలీటర్ల దగ్గర ఒరగాలి. ఒక వైపు 5.8, రెండో వైపు 6.8 అయితే రోజు మొత్తం సరిపోతుంది గానీ ఇరుసు వంకరనో, బకెట్‌లో బురద పేరుకుందనో అర్థం.

ఎక్కువ ఇబ్బంది పెట్టేది సరుగుడు ఆకు. సూదిలాంటి ఆ ఆకులు గరాటు జల్లెడ కన్నాల్లో నిలువుగా దిగి గడ్డి పరకల్లా అతుక్కుపోతాయి. వాన వెలిసిన రెండు గంటల తర్వాత కూడా టిప్పులు పడుతుంటే గరాటు మూసుకుందనే లెక్క. చీమలు, సాలెగూడు దాని తర్వాతే. మూడో ఏడాదికల్లా రీడ్ స్విచ్ తీగ చివర ఉప్పు పట్టి పచ్చబడింది, ఒకే టిప్పు రెండుగా లెక్కపడసాగింది. 0.1 సెకనులోపు వచ్చే రెండో సంకేతాన్ని లాగర్ వదిలేసేలా మార్చి, కొసలు కోసి కొత్తగా అతికితే సర్దుకుంది.

గాలికి చినుకులు మూతి దాటి పోయే నష్టం మాత్రం ఏ మరతోనూ తీరదు. మామూలుగా 2 నుంచి 10 శాతం పోతుంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి గాలిలో వాన అడ్డంగా కొడుతుంది కాబట్టి ఏ గేజు అంకెనూ తలకెత్తుకోకండి. గేజును స్తంభం మీద ఎత్తుగా బిగిస్తే మరీ నష్టం.

కళింగపట్నం వాతావరణ కేంద్రం అంకెలతో పోల్చేవారు ముందు గడియారం చూసుకోండి. వాళ్ల రోజు ఉదయం 8:30కి ముగుస్తుంది. మీ లాగర్ అర్ధరాత్రికి ముగిస్తే తెల్లవారుజాము వాన ఒక రోజు అటూ ఇటూ అవుతుంది, గేజు పాడైందని అనుమానిస్తారు.

దీంతోపాటు వచ్చిన తేమ సెన్సార్ సముద్రతీరానికి పనికిరాదు. రెండో ఏడాదికే ఎండ వేళ కూడా ఎక్కువ చూపించసాగింది. పరీక్షకు గట్టి మూత డబ్బాలో తడి ముద్దలా కలిపిన ఉప్పు పెట్టి, 25 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే 75 శాతం రావాలి. నౌపడ రాళ్ల ఉప్పు మాత్రం వాడకండి. అందులోని మెగ్నీషియం లవణాలు అంకెను కిందికి లాగుతాయి, సెన్సార్‌ను అనవసరంగా తిట్టుకుంటారు.